చీటీ మీద ‘బీపీఏడీ’ అని రాసిచ్చాక ఏం చేయాలి?

నాకు ఆ చీటీ రాసిచ్చిన రోజు మెడికల్ షాపు కుర్రాడు మాత్రలు లెక్కపెడుతూ, "బీపీకి ఇన్ని మాత్రలేందన్నా? ఉప్పు తగ్గించు" అన్నాడు. నేను కాదనలేదు. ఇంటికొచ్చి అమ్మకూ అదే చెప్పాను, బీపీ అని. ఆ రోజు నుంచి మా ఇంట్లో పప్పులో, పులుసులో ఉప్పు తగ్గిపోయింది. ఆ ఉప్పు సంగతి మళ్లీ చెబుతాను. అది నా ప్రాణం మీదికి తెచ్చింది.

బీపీఏడీ అంటే బైపోలార్ అఫెక్టివ్ డిజార్డర్. రక్తపోటుతో దానికి ఏ సంబంధమూ లేదు. కొన్నాళ్లు మనసూ ఒళ్లూ రెండూ పరుగులు పెడతాయి. కొన్నాళ్లు మంచం దిగలేనంతగా కుంగిపోతాం. మధ్యలో అందరిలాగే మామూలుగా ఉంటాం. మొదటిదాన్ని డాక్టర్లు మేనియా అంటారు, రెండోదాన్ని డిప్రెషన్ అంటారు. సముద్రం పక్కన పుట్టినవాళ్లం కాబట్టి మా ఇంట్లో పోటు, ఆటు అంటాం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చినవాళ్లు 0.5 శాతం. పెళ్లికి వెయ్యి మంది వస్తే ఆ బంతుల్లో ఐదుగురన్నమాట. ఎవరూ చెప్పుకోరు, అంతే.

నేను డాక్టరును కాను. కావలిలో లెక్కల ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి. పదకొండేళ్లుగా ఈ మాత్రలు మింగుతున్నాను. కొత్తగా చీటీ చేతికొచ్చినవాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ నేను తెలుసుకున్నది వరసగా చెబుతాను.

ఒక్క మాట మాత్రం వరసలో పెట్టకుండా ముందే చెప్పాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే కింద రాసిందంతా తర్వాత చదవొచ్చు. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు. పరిస్థితి చేయి దాటేట్టుంటే 108 లేదా 112. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే దాన్ని వేరే ఇంటికి పంపించేయండి. పొలాలున్న ఇళ్లలో ఈ పని ముందు చేయాలి.

మొదటి నెల: ఏమీ తేల్చుకోవద్దు

చీటీ అందుకున్న వారంలోనే చాలామంది ఉద్యోగం మానేయాలా, పెళ్లి చేసుకోవచ్చా, ఇక నా బతుకింతేనా అని తేల్చేసుకుంటారు. ఆ వారంలో మీ తల ఇంకా పోటులోనో ఆటులోనో ఉంటుంది. అప్పుడు తేల్చినవేవీ చెల్లవు. మందు పట్టు దొరకడానికే వారాలు పడుతుంది. ఈ నెలలో మీకున్న పనులు రెండే: మాత్రలు వేళకు వేసుకోవడం, రాత్రిపూట నిద్రపోవడం.

నమ్మకం కుదరకపోయినా ఫర్వాలేదు. నేను ఏడాదిన్నర నమ్మలేదు. "నాకు పిచ్చి లేదు, కాస్త హుషారెక్కువ, అంతే" అనేవాణ్ణి. తొమ్మిది రాత్రులు కన్ను మూయకుండా తిరిగి, రామాయపట్నం వైపు ఐదెకరాల రొయ్యల చెరువు లీజుకు మాట్లాడి, రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చొచ్చిన మనిషి అంటున్న మాట అది. అప్పటికి నేను రొయ్యను కూరలో తప్ప ఇంకెక్కడా చూసి ఎరగను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. మా ఆవిడకు మాత్రం ఇప్పటికీ రాదు.

నమ్మకపోయినా మాత్ర వేసుకోవచ్చు. నమ్మకం వెనకాల నిదానంగా వస్తుంది.

మీ జీవితాన్ని ఒక కాగితం మీద గీయండి

మనం డాక్టరు దగ్గరికి వెళ్లేది ఎక్కువగా ఆటులోనే. పోటులో ఉన్నవాడు డాక్టరు దగ్గరికెందుకు పోతాడు, వాడికి అంతా బ్రహ్మాండంగా ఉంటే? అందువల్ల డాక్టరుకు సగం జబ్బే కనబడుతుంది. ఉత్త డిప్రెషన్ అనుకుని ఆ మందు ఒక్కటే ఇస్తే కొందరికి అది పోటులోకి తోస్తుంది. చాలామందికి అసలు పేరు బయటపడేసరికి ఏళ్లు గడిచిపోయేది ఇందుకే.

కాబట్టి ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టి మధ్యలో గీత గీయండి. ఎడమ చివర పదిహేనేళ్ల వయసు, కుడి చివర ఇవాళ. గీతకు పైన పోట్లు, కింద ఆటులు. సంవత్సరాలు గుర్తుండవు, ఊళ్లో జరిగినవి గుర్తుంటాయి. ‘ఇంటర్ సెకండియర్ సంక్రాంతికి’, ‘తుపానుకు కరెంటు పోయిన వారం’, ‘చెల్లి పెళ్లప్పుడు’ అని రాసుకోండి. అమ్మనూ అన్ననూ పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మనకు హుషారుగా తోచిన రోజులు వాళ్లకు ఎలా కనిపించాయో అప్పుడు తెలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా, మేనమామకో పెదనాయనకో, ఇలాంటిదే ఉండేదా అనీ అడగండి. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. మా అమ్మ చాలాసేపు ఆలోచించి, "మా నాయన ఒకసారి ఎద్దుల్నమ్మేసి హార్మోనియం పెట్టె తెచ్చాడబ్బయ్యా" అంది. ఆ మాట డాక్టరుకు చెబితే ఆయన రాసుకున్నాడు.

ఆ కాగితంతో పాటు డాక్టరును అడగాల్సినవి: నాది మొదటి రకమా (పూర్తి మేనియా వచ్చేది), రెండో రకమా (హుషారు తేలికగా ఉండి, డిప్రెషన్ ఎక్కువగా వచ్చేది)? ఈ మాత్రల్లో ఏది దేనికి? ఏ రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించాలి? థైరాయిడ్ చూశారా? రాత్రి పూట అవసరం పడితే ఎవరికి ఫోన్ చేయాలి? చివరి ప్రశ్నకు జవాబు లేని డాక్టరైతే ఇంకొకరిని చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

డాక్టరు ఎక్కడ

దగ్గరగా ఉన్న డాక్టరు, పేరున్న దూరపు డాక్టరు కన్నా మేలు. ఎందుకంటే ఇది ఏళ్ల తరబడి తిరిగే వ్యవహారం. నెల్లూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, అంటే ఏసీఎస్సార్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, మానసిక విభాగం ఉంది. ఒంగోలులో జనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఉంది. నెల్లూరులోనే నారాయణ మెడికల్ కాలేజీలో ఉంది. ప్రైవేటు అంటే నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోట ఉండనే ఉంది. మనవాళ్లకు చెన్నై అలవాటు కాబట్టి ఒకసారి రెండో అభిప్రాయానికి వెళ్లిరండి, తప్పులేదు. కానీ నెలనెలా తిరిగే డాక్టరు మాత్రం బస్సెక్కి మధ్యాహ్నానికి ఇంటికి రాగలిగేంత దూరంలో ఉండాలి.

ఊళ్లో అడిగితే "నరాల డాక్టర్ని చూస్తన్నాం" అని చెప్పుకునేవాళ్లున్నారు. చెప్పుకోండి, ఎవరికి నష్టం? నిజంగానే నరాల డాక్టరు చుట్టూ తిరిగితేనే నష్టం. మీకు కావాల్సింది సైకియాట్రిస్టు. సైకాలజిస్టు, కౌన్సెలర్ మాటలతో సాయం చేస్తారు, అదీ అవసరమే, కానీ మందు రాసేది సైకియాట్రిస్టే.

మాత్రలు, ఎండ, ఉప్పు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మన జిల్లాల ఎండల్లో దీనికున్నంత విలువ దేనికీ లేదు.

బైపోలార్‌కు వాడే మందుల్లో పాతదీ, నమ్మకమైనదీ లిథియం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు అది పోటును దించుతుందని బయటపెట్టాడు. అదొక లవణం. మామూలు ఉప్పుకు చుట్టం లాంటిది. మన కిడ్నీలు రెండింటినీ ఒకే తీరున చూస్తాయి. ఒంట్లో ఉప్పు తగ్గినా, నీళ్లు తగ్గినా, కిడ్నీ లిథియాన్ని బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతుంది. రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. ల్యాబు రిపోర్టులో mEq/L అని ఉండే లెక్కన, రోజూ వాడేవాళ్లకు సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలంటారు. 1.5 దాటితే విషం కిందే లెక్క.

ఇప్పుడు నా ఉప్పు కథ. మందు మొదలుపెట్టింది ఫిబ్రవరిలో. అమ్మ ‘బీపీ’ పేరుతో ఉప్పు తగ్గించింది. మేలో ఎండలు ముదిరాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లోనే ఒక పెళ్లికి పోయి విరేచనాలు పట్టుకున్నాయి. పైగా ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకున్నాను. మర్నాటికి చాక్‌పీసు పట్టుకోలేకపోయాను. చెయ్యి వణకడం కాదు, ఊగిపోతోంది. నోటి మాట ముద్దగా వస్తోంది. తాగాడని పిల్లలు గుసగుసలాడారు. ఆసుపత్రిలో రక్తం తీసి చూస్తే లిథియం 2.1. నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు. తప్పు డాక్టరుది కాదు, ఆర్‌ఎంపీది కాదు. నేను వేసుకునేది ఏ మాత్రో ఇంట్లో చెప్పకపోవడం నా తప్పు.

అందుకని, లిథియం వాడుతుంటే:

ఉప్పు ఒక్కసారిగా తగ్గించొద్దు, పెంచొద్దు. ఎప్పటిలా తినండి. ఎండాకాలం నీళ్లు, మజ్జిగ బాగా తాగండి. వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర సంగతి అడగండి. రోజా ఉండేవాళ్లూ, ఉపవాసాలు చేసేవాళ్లూ ముందే చెప్పి చేయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు లిథియాన్ని పెంచుతాయి. రక్తపోటుకు ఇచ్చే కొన్ని మాత్రలూ అంతే. ఎవరు సూది వేయబోయినా "నేను లిథియం వాడతాను" అని ముందు చెప్పండి. ఒక చిన్న కాగితం మీద రాసి ఆధార్ కార్డు వెనకాల పెట్టుకోండి. చెయ్యి బాగా ఊగడం, తూలడం, మాట తడబడటం, వాంతులు కనబడితే తర్వాతి మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తపరీక్షకు ఒక కిటుకుంది. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి ల్యాబులో ఉండాలి. పొద్దుటి మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. లేకపోతే ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి అందర్నీ కంగారు పెడుతుంది. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆరు నెలలకోసారి చేయించుకోవాలి.

లిథియం కాకుండా వాల్‌ప్రోయేట్ రాసివుండొచ్చు. పిల్లల్ని కనే వయసున్న ఆడవాళ్లు దీని గురించి డాక్టరును ప్రత్యేకంగా అడగాలి, కడుపులో బిడ్డకు అది హాని చేస్తుంది. అలాగని విన్న వెంటనే మీ అంతట మీరు ఆపేయొద్దు, మార్చమని అడగండి. లామోట్రిజిన్ వాడుతుంటే ఒంటి మీద దద్దురు కనబడిన రోజే చూపించాలి. ఒలాంజపిన్ లాంటివి ఒళ్లు పెంచుతాయి, షుగరు చూసుకుంటుండాలి. బరువు పెరిగితే సిగ్గుపడి మాత్ర మానేసేవాళ్లే ఎక్కువ, డాక్టరుతో చెబితే వేరేది చూస్తారు. డబ్బు ఇబ్బందైతే జన ఔషధి షాపుల్లో అడగండి. మందు పేరు అదే, ధర తక్కువ.

బాగయ్యాక మాత్ర ఎందుకన్న ప్రశ్న మీకు కచ్చితంగా వస్తుంది. నాకు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆపాను. రెండుసార్లూ తిరగబెట్టింది. ఆపాలనిపిస్తే డాక్టరు ఎదుట కూర్చుని ఆ మాట అనండి.

గోడ క్యాలెండరు, తుపాను నంబర్లు

ఫోన్లో యాప్‌లున్నాయి. నాకు పడలేదు. వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరే నా యాప్. ప్రతి తేదీ గడిలో పెన్సిల్‌తో ఒక అంకె, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయానో. ఏడున్నర. ఏడు. ఎనిమిది. పాలు పొంగే లోపల రాసేయొచ్చు. మూడ్ ఎలా ఉందని మనల్ని అడిగితే మనం అబద్ధం చెబుతాం. నిద్ర అబద్ధం చెప్పదు. పోటు రాబోయే ముందు నిద్ర తగ్గుతుంది, అలసట మాత్రం ఉండదు. అసలు గుర్తు అదే.

కృష్ణపట్నం రేవులో తుపానుకు ముందు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, ఒకటో నంబరు, మూడో నంబరు అని. మేమూ అలాగే పెట్టుకున్నాం.

ఒకటో నంబరు: వరసగా రెండు రాత్రులు ఐదు గంటలలోపు నిద్ర, అయినా హుషారు. అప్పుడు టీ బంద్, రాత్రి ట్యూషన్లు బంద్, తొమ్మిదికి లైట్లార్పడం. మూడో నంబరు: మాట వేగం పెరగడం, రాత్రి పదకొండుకు పాత స్నేహితులకు ఫోన్లు, కొత్త వ్యాపారం ఊసు. అప్పుడు నన్ను అడక్కుండానే మా ఆవిడ డాక్టరుకు ఫోన్ చేస్తుంది. పదో నంబరు: మాట వినకపోవడం, కలబడటం, లేనివి కనపడటం వినపడటం. అప్పుడు ఆసుపత్రి, చర్చ లేదు. ఆటుకూ గుర్తులున్నాయి. నాకైతే గడ్డం, స్నానం వాయిదా పడటం, ఫోన్ మోగుతున్నా చూస్తూ కూర్చోవడం. మీ గుర్తులు వేరే ఉంటాయి, ఇంటివాళ్లను అడిగితే చెబుతారు.

ఇదంతా బాగున్న రోజుల్లో కూర్చుని రాసుకోవాలి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పోటులో ఉన్నప్పుడు భార్య "నీకు బాగలేదు" అంటే ఆమె శత్రువులా కనిపిస్తుంది. "ఒకటో నంబరు ఎగరేశారంట కృష్ణపట్నంలో" అంటే ఎంత పోటులోనైనా నాకు నవ్వొస్తుంది. నవ్వొచ్చాక మాత్ర వేసుకోవడం తేలిక.

ఇంట్లో చెప్పడం, గుడి సంగతి

మొదట ఒక్కరికి చెప్పండి. ఎవరు ఎక్కువ ప్రేమిస్తారో చూడొద్దు, ఎవరు తక్కువ కంగారు పడతారో చూసుకోండి. మా ఇంట్లో అది తమ్ముడు. జబ్బు పేరు, మాత్రల పేర్లు, డాక్టరు నంబరు, వాడి దగ్గర రాసి పెట్టాను. తర్వాత వాడే అమ్మకు చెప్పాడు.

అమ్మకు ఇది జబ్బంటే ఎక్కలేదు. గాలి సోకిందంది, చెరువు దగ్గర ఎవరో ఏదో చేశారంది. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో మూడు రాత్రులు నిద్ర చేయించింది. పేరుకు నిద్ర. ఆ మూడు రాత్రులూ నేను కన్ను మూయలేదు, తెల్లవార్లూ పెన్నొడ్డున తిరిగాను. ఇంకొందరు ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోతారు. నేను వెళ్లొద్దనను. మొక్కుకుంటే అమ్మకు ధైర్యమొస్తుంది, అమ్మ ధైర్యంగా ఉంటే ఇల్లు నిలబడుతుంది. రెండు షరతులు పెట్టండి: మాత్రల డబ్బా కూడా వస్తుంది, రాత్రి నిద్ర చెడదు. ఎక్కడైనా సరే గొలుసు వేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన మనుషులు పాకలకు నిప్పంటుకున్నప్పుడు తప్పించుకోలేక 28 మంది కాలిపోయారు. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది.

ఇంటివాళ్లకు రెండు మాటలు. ప్రతి నవ్వునూ పోటు అనుకోవద్దు, ప్రతి కోపాన్నీ "మాత్ర వేసుకున్నావా?" అని కొట్టిపారేయొద్దు. మాకూ మామూలు కోపాలుంటాయి. కూరలో ఉప్పు లేకపోతే వచ్చే కోపం ఆ రకమే.

పెళ్లి, బాలింత రోజులు

"పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే పెద్దమనిషి ప్రతి వీధిలో ఉంటాడు. కుదురుకోరు. పెళ్లి పనుల నిద్రలేని రాత్రులే పోటును తెచ్చిపెట్టగలవు. బైపోలార్ ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. దాచిపెట్టి మాత్రం చేసుకోవద్దు. దాచిన విషయం రేపు కోర్టులో గొడవవుతుంది, అంతకన్నా ముందు రోజూ దాక్కుని మాత్ర మింగాల్సి వస్తుంది, అలా మింగేవాడు త్వరలోనే మానేస్తాడు. ఎంగేజ్‌మెంట్‌కు ముందు ఆ ఒక్క మనిషితో, మధ్యవర్తులు లేకుండా చెప్పండి. వీలైతే డాక్టరు దగ్గరికి కలిసి వెళ్లండి. మూడు సంబంధాలు తప్పిపోయాక మా ఆవిడ ఒప్పుకుంది. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "కొడతావా?" లేదన్నాను. "సరే, డాక్టరుతో నేను కూడా మాట్లాడతా" అంది.

ఆడవాళ్లకు కాన్పు తర్వాతి మొదటి వారాలు చాలా జాగ్రత్తగా దాటాల్సినవి. ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం అప్పుడు ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడే కాన్పు డాక్టరునూ మానసిక డాక్టరునూ కలిపి మాట్లాడించండి. రాత్రిళ్లు బిడ్డను చూసేందుకు అవ్వో పిన్నో ఉండాలి, బాలింత వరసగా నాలుగైదు గంటలైనా పడుకోగలగాలి.

డబ్బుకు తాళం

రొయ్యల చెరువు అడ్వాన్సులో సగమే వెనక్కొచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక రూలు: పది వేలు దాటిన ఏ ఖర్చైనా రెండు రాత్రులు నిద్రపోయాకే. జీతం వచ్చే ఖాతా వేరు, ఫోన్‌పే తగిలించిన ఖాతా వేరు. రెండోదాంట్లో ఐదు వేలకు మించి ఉండదు. పొలం కాగితాలు తమ్ముడి బీరువాలో ఉంటాయి. ఇది అవమానంగా తోస్తుంది, తెలుసు. తాళం వేసింది మీరే అయితే అంతగా తోచదు. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్లోంచి ఇవాళే తీసేయండి.

కాగితాలు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో మనకు పనికొచ్చేవి: పోటులో మన తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ముందే నియమించుకోవచ్చు. ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందస్తుగా రాసిపెట్టుకోవచ్చు. మన జబ్బు సంగతి గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రిది. ఆరోగ్య బీమా కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. పాలసీ తీసుకునేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయండి, ముందు నుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. దాచితే క్లెయిమ్ దగ్గర తిరగ్గొడతారు.

పనిచేయలేనంతగా జబ్బు ముదిరినవాళ్లకు, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ దారి ఉంది, సచివాలయంలో స్లాట్ బుక్ చేయాలి. 40 శాతం, ఆపైన వస్తేనే వికలాంగుల పింఛను. మందులతో కుదురుగా ఉన్నవాళ్లకు అంత శాతం రాదు, రాలేదని కుంగిపోవద్దు. ప్రభుత్వోద్యోగంలో ఉండగా ఇలాంటి వైకల్యం వస్తే ఉద్యోగం తీసేయడానికి 2016 వికలాంగుల హక్కుల చట్టం ఒప్పుకోదు. ప్రైవేటు కొలువులో జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే "రాత్రి షిఫ్టు నా ఆరోగ్యానికి పడదు" అన్నంత వరకే చెప్పమంటాను.

బల్ల మీద దొరికిన తోడు

డాక్టరు మనకిచ్చేది పది నిమిషాలు. మిగతా నెలంతా ఎవరితో మాట్లాడాలి?

నాకు తోడు దొరికింది ఓపీ బయట చెక్క బల్ల మీద. నా పక్కన చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే ఆయన, ఆయన భార్య. ఆమె ఒళ్లో టిఫిన్ డబ్బా, దాని మీద ఫైలు. ఆయన చేతులు సన్నగా వణుకుతున్నాయి. నేను నా చేతులు చాపి చూపించాను. అవీ వణుకుతున్నాయి. "లిథియమా?" అన్నాడు. "అదే." అంతే, అరగంటలో మేమిద్దరం ఎవరికీ చెప్పనివి చెప్పుకున్నాం. ఆ తర్వాత ఓపీ తేదీలు ఒకే రోజు పెట్టించుకున్నాం. ఇప్పుడు ఆరుగురం. నెలకోసారి ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టులో కూర్చుంటాం. భార్యలు వేరే బెంచీ మీద, వాళ్ల మాటలు వాళ్లవి. మా కంటే వాళ్లకే ఆ గంట ఎక్కువ అవసరమని నాకనిపిస్తుంది.

మీరూ మొదలుపెట్టొచ్చు. ఇద్దరు చాలు. మా కట్టుబాట్లు ఇవి: ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోకూడదు, మోతాదు సలహాలు ఇవ్వకూడదు. విన్నది బెంచీ దాటకూడదు. ఎవరైనా రెండు నెలలు రాకపోతే ఇంటికి వెళ్లి చూడాలి. ఇది పాటించబట్టే ఒకసారి ఒక మనిషి దక్కాడు. ఎవరూ దొరక్కపోతే 14416 వాళ్లనే అడగండి, ప్రమాదంలో ఉన్నప్పుడే చేయాలని లేదు, ఊరికే మాట్లాడటానికీ చేయొచ్చు.

వచ్చే ఓపీకి

ఒక ప్లాస్టిక్ కవర్‌లో చీటీలు, రక్తపరీక్షలు తేదీల వరసలో, జీవితం గీత కాగితం, నిద్ర అంకెలున్న క్యాలెండరు పేజీలు పెట్టుకోండి. ఏడాది మారినప్పుడు పాత క్యాలెండరు పారేయొద్దు. నావి నాలుగు పోగయ్యాక డాక్టరు బల్ల మీద పరిచి చూశాడు. మూడు పోట్లు, మూడూ ఫాల్గుణ చైత్రాల్లోనే. పదో తరగతి పరీక్షలకు రాత్రి బ్యాచీలు చెప్పే నెలలవి. అప్పటి నుంచి ఉగాదికి మూడు వారాల ముందు ఒక ఓపీ అదనంగా వెళ్తున్నాను. రాత్రి ఎనిమిది తర్వాత వచ్చే బ్యాచీని పక్కవీధి మాస్టారికి పంపిస్తున్నాను. ఆయనకు కారణం చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.